తాడు పట్టిన వాళ్ళ వాటా

అన్నకు,

చెల్లెలు సరోజ నమస్కరించి రాస్తున్నది. నా ఒంటికి ఏ లోటూ లేదు, ముందు ఆ మాట అమ్మకు చెప్పు. ఆమె మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? వదిన, పిల్లలు బాగున్నారా? నా మనసు మాత్రం కుతకుతలాడుతున్నది. చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి నీ మీద పడుతున్నాను, ఓర్చుకో.

ఈ చేపలవాళ్ళ పాళెంలో పంతులమ్మగా చేరి నాలుగు నెలలైంది. కోట ఊళ్ళో బస్సు దిగి తూర్పుకు ఇసకలో నడిచి రావాలి. నీళ్ళు ఉప్పన, ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పప్పు ఉడకదు. ఈ గాలికి తల దువ్వుకున్నా ఒకటే, దువ్వుకోకున్నా ఒకటే. వేళకు తింటున్నాను, అమ్మను బెంగపడవద్దని చెప్పు.

అసలు సంగతికి వస్తాను. మా హెడ్మాస్టరు పిల్లలకు పరోపకారం గురించి పాఠం చెప్పమన్నాడు. పంచాయతీ సమితి ప్రెసిడెంటు వస్తాడట, పిల్లలు తలా పిడికెడు బియ్యం తెచ్చి పేదవాళ్ళకు దానం చెయ్యాలట, ఫొటో తీస్తారట. నాకూ ఉత్సాహం పుట్టింది. మన కళ్ళంలో కొంగు పట్టి నిలబడ్డవాళ్ళకు నాన్న చేటతో గింజలు పొయ్యడం చూస్తూ పెరిగినదాన్ని కదా, దానమంటే అదే అనుకున్నాను. "మన పాళెంలో పేదవాళ్ళెవరు?" అని అడిగితే క్లాసులో ఎవరికీ ఒక్క పేరూ తోచలేదు. నేను వదలకుండా, "వేటకు పోయే మగదిక్కు లేని ఇల్లు ఏది?" అన్నాను. ఎవరో పోలమ్మవ్వ పేరు చెప్పారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఆమె మనవరాలు కాంతమ్మ రెండో వరసలోనే కూర్చుని ఉంది. ఆ పిల్ల తల వంచుకోవడం చూశాను అన్నా, చూసి కూడా చెరపలేదు.

ప్రెసిడెంటు వచ్చిన రోజు హెడ్మాస్టరు పోలమ్మవ్వను బల్ల పక్కన నిలబెట్టి, బియ్యం మూట చేతిలో పెట్టి, "అయ్యగారికి దండం పెట్టు, ఫొటో తీస్తారు" అన్నాడు. ఆమెకు చూపు సరిగా ఆనదు. మూట తడిమి చూసింది.

"ఇదేందయ్యా? నేనేం పని చేసినానని ఇస్తా ఉండారు?"

"పని చెయ్యక్కర్లేదవ్వా, ఇది దానం" అని చెప్పింది నేనే.

మూట కింద పెట్టి, మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. "లేనివాళ్ళకు ఇంత పొగరా!" అన్నాడు హెడ్మాస్టరు. పైగా ఆమె సంతోషంగా పుచ్చుకున్నదని నన్ను రిపోర్టు రాయమన్నాడు. రాయనన్నాను. ట్రాన్స్‌ఫరు చేయిస్తానన్నాడు. చేయించుకోమన్నాను.

మర్నాటి నుంచి కాంతమ్మ బడికి రాలేదు. వాళ్ళింటికి బయలుదేరితే, ఒడ్డున వల లాగిస్తున్న వెంకటసామి నన్ను నిలేశాడు. ఆ వల అతనిదే.

"ఎంత పని చేసినావు పంతులమ్మా! అవ్వ తాడుకాడికి రావడం మానేసినాది."

అప్పుడు తెలిసింది నాకు. ఇక్కడ పెద్ద వల ఒడ్డుకు లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంటుంది. బలమున్నవాళ్ళు లాగుతారు, లేనివాళ్ళు చెయ్యి ఆనించి నాలుగడుగులు వేస్తారు. ఎవరెంత లాగారో తిరిగి చూడడం తప్పు. పోలమ్మవ్వ ఏళ్ళ తరబడి అట్లాగే తన వాటా తాను తీసుకుపోతున్నది. ఆమె పేదదన్న మాట పాళెంలో ఏ పిల్లకూ తోచలేదు, నేను బోర్డెక్కించేదాకా.

"ఇప్పుడు చెయ్యేస్తే అడుక్కునే చెయ్యి అయిపోతాదంట" అన్నాడు వెంకటసామి.

నాకు హెడ్మాస్టరు మీద కోపం, ఆ ప్రెసిడెంటు మీద కోపం, అందరికంటే నా మీద నాకు కోపం. నేర్పడానికి వచ్చి, ఈ పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని పాడుచేశాను. నీ మీదా కోపమే. పాత బట్టలు మూటకట్టి మా బడి పిల్లలకు పంపుతానని రాశావే, పంపావంటే అది తిరుగు బస్సులో నీ గుమ్మంలో ఉంటుంది. వదినను ఏమీ అనుకోవద్దను. నాకు మాత్రం కాస్త చింతపండు, నిమ్మకాయ ఊరగాయ పంపించు.

పోలమ్మవ్వ గుడిసె ముందు నిలబడి తప్పైపోయిందన్నాను. తలుపు తీయలేదు. ఇంక ఏం చెయ్యాలో తోచక, వారం రోజులు బడి గంటకు ముందే పోయి నేనూ తాడు పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మొదటిరోజు వెంకటసామి నా వాటా చేపలు పోయబోతే వద్దన్నాను.

"వద్దంటే రేపట్నించి రావాకు. తాడు పట్టినోళ్ళు తీసుకోవాల్సిందే" అని కసిరాడు. సిగ్గుపడుతూనే కొంగు పట్టాను.

నిన్న పొద్దున వల సగం దూరం వచ్చేసరికి నా వెనక తాడు మీద ఎవరిదో చెయ్యి పడింది. తిరిగి చూడలేదు. కాసేపటికి పోలమ్మవ్వ గొంతు వినిపించింది.

"గట్టిగా లాగు పంతులమ్మా! బరువంతా నా మిందే పడతా ఉండాది."

అమ్మకు ఈ చివరి ముక్క ఒక్కటే చదివి వినిపించు. ఆమె కాళ్ళకు, పెద్దనాన్నగారికి నా దండాలు. నేను చల్లగా ఉండాలని మీరందరూ అనుకుంటే నాకదే చాలు.

నీ చెల్లెలు,
సరోజ