నీ కథ కింద అతికించిన విమర్శ

సుబ్బయ్యా, తప్పు నీదే. పత్రికలో నీ కథను నేను కలంపేరుతో చీల్చి చెండాడితే నువ్వు ఒక్క ముక్క జవాబు రాయలేదు. ఆ కలంపేరు నాదని తెలిసీ మర్నాడు నాకు టీ ఇప్పించావు. తర్వాత కథలే మానేశావు. నువ్వు పోయి రెండేళ్లు. ఇక వాదించుకునే వీలు కూడా లేదు.

నెల్లూరులో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ పెడుతున్నారు. నీకిష్టమైన పని కదా అని సాయానికి వెళ్లాను. కుర్చీలు వేశాను, బ్యానర్ కట్టాను. తర్వాత సుజాత అనే కార్యకర్త నా చేతికి కాగితాలిచ్చి గోడకు అతికించమంది. మొదటిది నీ కథే. సముద్రం వెనక్కి పోతే, పడవలు భుజాన వేసుకుని దాని వెంట నడిచే ముత్తుకూరు జాలర్ల కథ. రెండోది నా విమర్శ: "ఇది జనం నుంచి పారిపోయే సాహిత్యం."

"చూడన్నా, ఎవురో మహానుభావుడు! కృష్ణపట్నం పోర్టులో క్రేను తోలిన సుబ్బయ్యకి జనం తెలీదంట. ఇది రాసినాయన ఎప్పుడన్నా పడవెక్కినాడా?" అని నవ్వింది.

"ఎక్కుండడులేమ్మా" అన్నాను.

ఇన్నేళ్లుగా వేదికలెక్కి అందర్నీ నిలదీసినవాణ్ణి, అది రాసింది నేనే అనలేకపోయాను. వంకర లేకుండా అతికించి వచ్చేశాను.

రేపే సభ. పొద్దున్నే నిర్వాహకులకు ఈ డిమాండ్లు రాసిస్తాను:

ఆ విమర్శ కింద నా అసలు పేరు రాయాలి.
సుబ్బయ్య కథను సభలో పూర్తిగా చదవాలి.
సుజాత తన ప్రశ్నను అందరి ముందూ నన్ను అడగాలి.
నేను వివరణ మొదలుపెడితే మైకు లాక్కోవాలి.