నిఖా రోజు ఫోటోలు

జగ్గయ్యపేట,
ఆదివారం.

చెల్లి నీహారికకు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నాన్న, మీ బావ, పిల్లాడు, నేను అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. పుణెలో నువ్వూ, మరిదిగారూ, పాపా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం గురువారం అందింది. పోస్టుమ్యాన్ మన ఫోటోల కొట్టు ముందు బండి ఆపి, "చేత్తో రాసిన ఉత్తరమమ్మా, ఈ మధ్య ఇట్టాంటివి రావట్లేదు" అని వింతగా చెప్పి మరీ ఇచ్చాడు. కొన్నాళ్లుగా నా ఫోను ఎత్తని దానివి, వాట్సాప్‌లో ఊ అని కూడా అనని దానివి, కూర్చుని రెండు పేజీలు రాశావంటే నా గొంతు వినడం ఇష్టం లేకనే అని అర్థమైంది. అందుకే నేనూ కాగితం తీశాను.

నువ్వడిగిన వాటికి జవాబులు చెబుతాను. అమ్మ మోకాలికి ఇప్పట్లో ఆపరేషన్ అక్కర్లేదన్నాడు బెజవాడ డాక్టరు. పొద్దున్నే వీధి చివరిదాకా నడుస్తోంది, వచ్చి గంటసేపు కాళ్లు చాపుకుని మనందరినీ తిడుతోంది. నాన్న మందులు వేసుకుంటున్నారు. కానీ స్వీటు మానలేదు. కొట్టుకి ఎవరు మిఠాయి తెచ్చినా నా కంటే ముందు ఆయన చెయ్యే వెళుతుంది. నువ్వు పాపకి పంపమన్న పచ్చడి కొరియర్‌లో వేశాం, ఈపాటికి చేరే ఉంటుంది. ఆవకాయలో ఉప్పు ఎక్కువైందని అమ్మ అంటోంది, నాకైతే సరిపోయింది. నీ చివరి ప్రశ్న ఒకటుంది కదా, దానికీ జవాబు చెబుతాను. కాస్త ఓపిక పట్టి ఇదంతా చదువు.

దసరాకి నువ్వొచ్చినప్పుడు మన స్టూడియో కంప్యూటర్ ముందు సగం రోజు కూర్చున్నావు. డెస్క్‌టాప్ మీద ఒక నీలం ఫోల్డర్ పెట్టావు. "అక్కా, ఇందులో ఏ ఫోటో వేసినా దానంతట అదే క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది. పక్కన ఆకుపచ్చ టిక్కు పడిందంటే భద్రంగా ఉన్నట్టే. కంప్యూటర్ తగలబడిపోయినా ఫోటో పోదు. నాన్న ఫోన్లో కూడా కనబడుతుంది" అన్నావు. నాన్నకి తన ఫోన్లో స్టూడియో ఫోటోలు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే ముఖం ఎలా వెలిగిపోయిందో నువ్వు చూశావో లేదో. నేను చూశాను. "మా చిన్నది ఫోటోలన్నీ తీసుకెళ్లి మబ్బులో దాచింది" అని ఆ సాయంత్రమే టీ కొట్టు రత్తయ్యకి చెప్పారు. రత్తయ్య పైకి చూసి "వానొస్తే తడవ్వా అండీ?" అన్నాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం సయించక కంచం పక్కకి నెట్టేశాను.

నీకిది చెప్పాలి. నాన్నకి చూపు తగ్గినప్పటి నుంచి కెమెరా నా భుజానే ఉంది. ప్రతి పెళ్లికీ ఫోటోలు రెండు హార్డ్‌డిస్కుల్లో ఎక్కించి, వాటి మీద స్కెచ్ పెన్నుతో పెళ్లికూతురి పేరు, ఊరు రాసి, బీరువాలో వరసగా పేర్చేదాన్ని. వీరులపాడు నుంచో జి.కొండూరు నుంచో ఎవరైనా వచ్చి ఎప్పటిదో ఫోటో కావాలంటే టక్కున తీసిచ్చేదాన్ని. ఏనాడూ ఒక్క ఫోటో పోలేదు. దాని గురించి నాన్న రత్తయ్యకి చెప్పింది ఒక్క రోజూ లేదు. నువ్వు వెళ్లిన మర్నాడు, "ఇక ఈ డబ్బాలెందుకే, చోటు దండగ" అన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడు, ఆ మాటకి అర్థం నాకు ఆ రోజు తెలిసింది. పాస్‌పోర్ట్ ఫోటోకొచ్చిన వాళ్లకి కూడా నీ ఫోల్డర్ కథే. ఫోటో తీసింది నేను, దానికి రంగులు సరిచేసింది నేను. చూపించేటప్పుడు మాత్రం "మా చిన్నమ్మాయి పెట్టింది" అనే మాట. నువ్వు ఫోన్ చేసి "అన్నీ సింక్ అవుతున్నాయా అక్కా" అని అడిగినప్పుడల్లా, మంచికే అడుగుతున్నావని తెలిసినా, నా పని సరిచూసే పై అధికారిలా వినబడేదానివి.

ఇంతలో నందిగామ ఖలందర్ గారి అమ్మాయి అఫ్రీన్ పెళ్లి వచ్చింది. ఆయన నీకు గుర్తుండే ఉంటాడు, స్కూలు బస్సు నడిపేవాడు, నాన్నకి పాత స్నేహితుడు. నందిగామలో అన్ని స్టూడియోలుండగా నాన్న పేరు చెప్పి, "బసవయ్య గారి కొట్టు వాళ్లే తీయాలి" అని పట్టుబట్టి నన్ను పిలిపించాడు. మెహందీ సాయంత్రం వెళితే ఆయన లుంగీ ఎగ్గట్టి కుర్చీలు తనే మోస్తున్నాడు. షామియానా కుర్రాళ్లతో పోట్లాడుతున్నాడు. వంట దగ్గరకెళ్లి బిర్యానీ రుచి చూసి నోరు కాల్చుకున్నాడు. ఊరికే చేతిలో కెమెరా ఉంది కదా అని అవన్నీ తీశాను. కొట్టుకి రాగానే కెమెరా కార్డులోవన్నీ నీ ఫోల్డర్‌లోనే వేశాను. మర్నాడు నిఖా. ఆ రోజంతా నిలబడి తీశాను. అప్పగింతలప్పుడు అఫ్రీన్ తల మీద చెయ్యి పెట్టి ఆయన భోరున ఏడ్చాడు. నా పనిలో అంత మంచి ఫోటో ఎప్పుడూ పడలేదు.

ఆ మర్నాడు ఖలందర్ గారు మిఠాయి పెట్టె తీసుకుని కొట్టుకొచ్చాడు. నా పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. నాన్న ఫోన్ తీసి మెహందీ ఫోటోలు చూపించారు. "చూస్కోండి ఖలందర్! పెళ్లి సందడి తీరకముందే ఫోటోలు నా చేతిలో ఉన్నాయి. మా చిన్నమ్మాయి పుణె నుంచి చేసింది ఇదంతా."

"మీ చిన్నమ్మాయి గట్టిదండీ," అన్నాడాయన. "మా అఫ్రీన్‌కి కూడా అట్టాంటి చదువు చెప్పించాల్సింది."

నేను కౌంటర్ వెనకే ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. కళ్లల్లో కారం పడ్డట్టయింది. లోపలికి వెళ్లిపోయాను.

తర్వాత మూడు వారాలకి ఖలందర్ గారు పోయారు. పొద్దున బస్సు తీయడానికి వెళ్లి, షెడ్డులోనే గుండె ఆగి పడిపోయాడు. అఫ్రీన్ ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, ఆల్బమ్ ఎప్పుడైనా ఇవ్వండి. ముందు నాన్న ఉన్నవి పంపండి. అప్పగింతలవి." నిఖా ఫోటోలు లేవు. ఆ సంగతి నీకు నాన్న నోటి నుంచే తెలిసింది. స్పీకర్ పెట్టి నీతో ఆయన అన్న మాటలన్నీ నేను పక్కనే ఉండి విన్నాను. "నీ తెలివితేటలు పుణెలో చూపించుకో. నీ మబ్బు నా కొట్టు పరువు తీసింది. చచ్చిపోయినవాడి ఫోటో వాళ్లకెక్కడి నుంచి తేను?" "చూస్తా నాన్నా" అన్నావంతే. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఆ ఫోల్డర్‌ని పైనుంచి కిందదాకా, చెత్తబుట్టతో సహా వెతికావని మరిదిగారు మీ బావతో చెప్పారు.

నీ చివరి ప్రశ్న ఇది: "అక్కా, నిఖా రోజు ఫోటోలు అసలు ఆ ఫోల్డర్‌లో వేశావా?"

వేయలేదు నీహా.

ఖలందర్ గారు నిన్ను మెచ్చుకుంటుంటే లోపలికి వెళ్లానన్నాను చూడు, అప్పుడు నా చేతిలో నిఖా కార్డులు ఉన్నాయి. ఫోల్డర్ తెరిచి కూడా ఉంది. ఇవి కూడా అందులో వేస్తే నా బతుకంతటిలోకి మంచి ఫోటో కూడా నీదే అయిపోతుందనిపించింది. ఫోల్డర్ మూసేసి, కార్డులు తిన్నగా నా హార్డ్‌డిస్కులో ఎక్కించాను. రెండో డిస్కులో ఎక్కించే అలవాటు నాన్న డబ్బాలెందుకన్న రోజే అలిగి మానేశాను. కార్డులు ఖాళీ చేసి మర్నాడు ఇంకో పెళ్లికి పట్టుకెళ్లాను. అఫ్రీన్ ఫోన్ చేసిన రోజు డిస్కు తగిలిస్తే టిక్కుటిక్కుమని కొట్టుకుంది తప్ప తెరుచుకోలేదు. బెజవాడ తీసుకెళితే లోపలి రేకు గీసుకుపోయింది, ఏమీ రాదన్నారు. నాన్న ఎదురుగా నిలబడి "ఏమైందే?" అని అడిగేసరికి నోటికొచ్చేసింది. "నీహారిక ఫోల్డర్‌లోనే వేసా. అదే మింగేసింది."

నిజం చెబుతాను, ఆయన నిన్ను తిడుతుంటే కాసేపు నాకు చల్లగా ఉంది. అందుకు సిగ్గుపడుతున్నాను. కానీ ఉంది.

నీ ఉత్తరంలో ఒక్క నింద కూడా లేదు. "వేసి ఉంటే ఎక్కడో ఒకచోట జాడ ఉండాలి, నాకేమో దొరకడం లేదు, తప్పు నాదేనేమో" అని రాశావు. శుక్రవారం కొట్టు తెరిచాక నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన కౌంటర్ మీద చెయ్యి ఆనించారు.

"దాని మీద నీకెందుకే అంత కుళ్లు?" అన్నారు.

"మీరు నన్నెప్పుడైనా మెచ్చుకున్నారా?"

గుర్తు తెచ్చుకోబోయారు. పాపం, నిజంగానే ప్రయత్నించారు. ఏదీ దొరకలేదు. "ఇంట్లో అన్నం బాగుందని రోజూ చెప్తామా ఏంటి?" అన్నారు చివరికి.

"అప్పుడప్పుడన్నా చెప్పాలి నాన్నా."

ఆయన చెప్పులు వేసుకుంటూ, "నందిగామ పోదాం పద" అన్నారు. ఖలందర్ గారి భార్య మౌలాబీ గారు భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్‌లో ఉన్నారు, ఆ నాలుగు నెలలూ బయటి మగవాళ్ల ముందుకు రారు. అందుకని నేనొక్కదాన్నే బస్సెక్కాను. చిల్లకల్లు దాటాక దిగి వెనక్కి వచ్చేద్దామా అని కూడా అనిపించింది.

మౌలాబీ గారు చాప మీద కూర్చుని ఉన్నారు. అఫ్రీన్ పక్కనే ఉంది. నీకు రాసినట్టే వాళ్లకీ దాచకుండా చెప్పాను. అఫ్రీన్ లేచి నిలబడింది. "మీ అక్కచెల్లెళ్ల పంతాలకి మా నాన్న ఫోటోలే దొరికాయా అండీ?" అని లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పటిదాకా నన్ను అక్కా అనేది. మౌలాబీ గారు తల వంచుకుని, "మా ఆయనుంటే పోన్లే అని నవ్వేసేవాడమ్మా. నాకు నవ్వు రావట్లేదు" అన్నారు.

నా దగ్గర మిగిలినవి మెహందీ సాయంత్రానివే. అవైనా ఉన్నాయంటే నీ ఫోల్డర్ వల్లే. ఫోన్ ఆమె చేతికిచ్చాను. కుర్చీలు మోస్తున్న ఖలందర్ గారిని చూశారు. షామియానా కుర్రాడి మీద చెయ్యెత్తి అరుస్తున్నవాడిని చూశారు. నోరు కాలి మొహం చిట్లించిన ఫోటో దగ్గర ఆగిపోయారు. "అంతే. ఎప్పుడూ అంతే. ఆరేదాకా ఆగడు" అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఫోన్ నాకు తిరిగిచ్చేస్తూ, "ఆ ఏడ్చింది ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. తల ఊపాను.

వచ్చేసేటప్పుడు తలుపు తెరుచుకుంది. అఫ్రీన్ నా మొహం చూడకుండా, "ఉన్నవన్నీ పంపండి. ఒక్కటి కూడా తీసేయొద్దు" అంది. నిన్న ఆ ఫోటోలన్నీ సరిచేసి పంపాను. చూసినట్టు తెలిసింది, జవాబు రాలేదు. వస్తుందని కూడా ఆశపడటం లేదు.

నిన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ ఖాతా నీ పేరు మీద ఉంది. నా ఫోటోలు నీ పేరు కింద ఉండటం నాకిప్పటికీ నచ్చడం లేదు, దాచి ఏం లాభం. స్టూడియో పేరు మీదికి మార్చు. ఎలా నడపాలో నాకు నేర్పు. విసుక్కుంటే పడతాను.

నాన్న ఈ ఆదివారమే నీకు ఫోన్ చేద్దామనుకున్నారు. ముందు నా ఉత్తరం చేరనివ్వండి అన్నాను. వచ్చే ఆదివారం చేస్తారు. ఎత్తు. ఆయనకి క్షమించమని అడగడం రాదు, పాప ఏం తింటోంది, అక్కడ వానలెలా ఉన్నాయి అని అడుగుతూ ఉంటారు, నువ్వే అర్థం చేసుకో. నీతో గంటసేపైనా మాట్లాడతారు. పదేళ్లుగా పక్క కుర్చీలో ఉన్నా నాతో ఆయన ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు. ఆ గంటా నేను కొట్టు బయట బల్ల మీద కూర్చుంటాను. లోపల మండుతూనే ఉంటుంది. మండనీ. లేచి వచ్చి మీ మాటలకి మాత్రం అడ్డం పడను.

ఇట్లు,
నీ మీద కుళ్లుకున్నదీ, నిన్ను ఎత్తుకు తిరిగిందీ ఒకతే అయిన
మీ అక్క
నాగశ్రీ