కుడి కనుబొమ పైన

అక్కకి,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నీకు అనుమానం వస్తుంది. ఫోన్లో అయితే నేను రెండు మాటలు అనేలోపు నువ్వు నాలుగు సలహాలు చెప్తావు. ఈసారి చివరిదాకా వినాలి. పైగా మా ఇంట్లో ముందు గది స్టూడియో, వెనక గది కాపురం. మధ్యలో ఉన్నది ఒక్క తెర. ఏం మాట్లాడినా ఆయన చెవిన పడుతుంది.

వీసా కాగితాలు ఇవ్వడానికి నిన్న వెళ్లాం. నీ వీసా వచ్చాక నువ్వు పంపిన జాబితా ప్రకారం అన్నీ పేర్చుకున్నాను. హోటల్ కాగితాలు, రానుపోను టికెట్లు, బ్యాంకు వాళ్ల ముద్ర, నువ్వు నర్సు ఉద్యోగంలోంచి రిటైరయిన సందర్భంగా ముగ్గురం పదిరోజులు సముద్రం అవతలి ఊళ్లు చూసి వస్తామని ఆయన కుదురుగా రాసిన ఉత్తరం, అన్నీ ఉన్నాయి. తిరిగి వస్తామని నమ్మించడానికి ఇన్ని కాగితాలా అని నేను విసుక్కుంటే, "మీ అక్కని చూస్తే ఎవరు నమ్ముతారు? అక్కడే ఉండి పెత్తనం మొదలెడుతుందని భయపడతారు" అన్నారు మీ మరిది. నవ్వుకుంటూనే వెళ్లాం.

కౌంటర్లో ఒక చిన్నవయసు అమ్మాయి. నా పాస్‌పోర్టూ నా ఫొటో పక్కపక్కన పెట్టి చూసింది. నా ముఖం చూసింది. మళ్లీ ఫొటో చూసింది. "ఇది మీ ఫొటోనేనాండీ? మరి ఆ మచ్చ ఏదండీ?" అని అడిగింది. పాస్‌పోర్టు ఫొటో ఆ ఆఫీసు వాళ్లే తీశారు కాబట్టి అందులో మచ్చ ఉంది. మీ మరిది తీసినదాంట్లో లేదు. కుడి కనుబొమ పైన నున్నగా, ఎప్పుడూ ఏమీ జరగనట్టు ఉంది. "మార్చిన ఫొటోలు తీసుకోమండీ. అసలు ఫొటోతో పన్నెండో తారీఖులోపు మళ్లీ రండి" అని నా కట్ట వెనక్కిచ్చేసింది. ఆయనది మాత్రం తీసుకుంది.

ఈ ఊళ్లో వీసా ఫొటో అంటే మీ మరిదే. సగం ఊరు ఆయన తీసిన ఫొటోలతోనే దేశాలు దాటింది, ఒక్కటీ తిరిగి రాలేదు. గోడ మీద ఆయన రాసి పెట్టిన బోర్డు నువ్వూ చూశావు. 'వీసా ఫొటోల్లో మచ్చలు తీయబడవు. అడగవద్దు.' మొటిమ ఒక్కటి తీసెయ్యండని ఎంతమంది బతిమాలినా వినని మనిషి, నేను అడగని మచ్చ తీసేశారు.

పెళ్లయిన మూడో నెలలో స్టూడియో దీపం నా మీద పడటం నీకు గుర్తే. డాక్టరు కుట్లు వేస్తుంటే నా తల పట్టుకున్నది నువ్వే. కాలికి తీగ తగిలి దీపం మీద పడిందని నీతో చెప్పాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆయన తీసిన ఏ ఫొటోలోనూ నాకా మచ్చ లేదు. అప్పట్లో నెగెటివ్ మీద సన్న పెన్సిలుతో కప్పేవారు, ఇప్పుడు కంప్యూటర్లో చెరిపేస్తున్నారు. మా అమ్మాయి పుట్టినప్పటి ఫొటోలో లేదు. దుకాణం కిటికీలో పెట్టిన పెద్ద ఫొటోలో లేదు. దాన్ని చూసి లోపలికొచ్చినవాళ్లు నన్ను చూసి ఆవిడ మీ చెల్లెలా అని అడుగుతారు. ఆయన ఎందుకు తీస్తున్నారో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ముఖం ఇలా చూడటం ఆయనకి ఇష్టం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిన్న ఒక పరాయి పిల్ల 'మచ్చ ఏదండీ' అని అడిగేసరికి నా తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి ఫారం చదివాను. నింపింది ఆయనే. గుర్తింపు చిహ్నాలు అన్నచోట 'ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ' అని ఉంది. ముఖాన ఇంత మచ్చ పెట్టుకుని, చేయి ఎత్తి చూపిస్తే తప్ప కనబడని పుట్టుమచ్చ వెతికి రాశారు.

అందుకే నేను రావడం లేదక్కా. మీరిద్దరూ వెళ్లండి, లేదా నువ్వు నీ స్నేహితురాలిని తీసుకెళ్లు. వస్తే ఆయన ప్రతి వంతెన ముందూ నన్ను నిలబెట్టి ఫొటో తీస్తారు. తిరిగొచ్చాక కూర్చుని ఒక్కోదాంట్లో తుడుస్తారు. అంత దూరం వెళ్లి నేను కట్టుకొచ్చేది అదా? నాకు చాలా బాధగా ఉంది, నీకు కాక ఎవరికి చెప్పను.

కోప్పడకుండా ఉండు,
నీ గువ్వ

*

వదినకి,

మీ ఉత్తరం అందింది. రాసింది నాలుగే వాక్యాలు, నాలుగూ వాతలే. 'నా చెల్లెలి ముఖం చూడటానికి నీకంత సిగ్గా?' అని అడిగారు. సిగ్గే వదినా. అది ఎవర్ని చూసి పడుతున్న సిగ్గో చెప్పడానికే ఈ ఉత్తరం.

దీపం స్టాండు మెడ దగ్గర ఒక మర ఉంటుంది. దీపాన్ని కావలసిన ఎత్తుకి లేపి ఆ మర బిగించాలి. ఆ రోజు పొద్దున ఒక పెద్ద కుటుంబం ఫొటో దిగడానికి వచ్చింది. హడావుడిలో మరని సగం తిప్పి వదిలేశాను. వాళ్లు వెళ్లాక ఆమె వెనకాల తెర సర్దుతుంటే దీపం జారి పడింది. మీ ఆస్పత్రికి తీసుకొచ్చాను. ఎలా తగిలిందని మీరు అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే ఆమె తీగ తగిలిందంది. ఆమె తీగకి దగ్గర్లో కూడా లేదు. దెబ్బకి తెలియక అలా అనుకుంటోందని, నేను ఊరుకున్నాను. ఫొటోలు తీసుకునేవాడికి పిల్లనిచ్చామని మీ నాన్నగారు అప్పటికే ముఖం ముడుచుకుని ఉన్నారు. ఆ రోజు చెప్పలేని మాట మర్నాడు ఇంకా బరువైంది. అలా ఇన్నేళ్లు గడిచిపోయాయి.

ఆమె ఫొటో చేతికి రాగానే ముందు నాకు కనబడేది నా తప్పు. పెన్సిలు దానంతటదే అక్కడికి వెళ్లేది. మొన్నటి వీసా ఫొటోలో మచ్చ తీశానని, ఒట్టు వదినా, కౌంటర్లో ఆ అమ్మాయి అడిగేదాకా నాకే తెలీదు. బోర్డు రాసింది నేను, తప్పింది నేను. ఫారంలో మోచేయి మాత్రం తెలిసే రాశాను. ఆ మాట నా చేత్తో రాయడానికి ధైర్యం చాలలేదు.

ఆ రోజు ఊడిపడిన మర మళ్లీ దొరకలేదు. కొత్తది వేయించలేదు. స్టాండు మెడకి ఇనపతీగ చుట్టి, రోజూ దాన్ని చూసుకుంటూనే పని చేస్తున్నాను.

మంగళవారం పొద్దున్న దుకాణం తెరవకముందే ఆమెకి చెప్పేస్తాను. విని మీ దగ్గరికి వచ్చేస్తానంటే ఆపను. బస్సు దగ్గరికి ఎదురెళ్లండి, ఆమె పెట్టె మోయలేదు.

తప్పు ఒప్పుకుంటూ,
మీ మరిది

*

అక్కకి,

మీ మరిదికి నువ్వేం రాశావో నేను అడగను. మంగళవారం పొద్దున్న షట్టరు ఎత్తకుండానే నన్ను ఫొటోలు తీసే స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫొటో కాబోలని జుట్టు సర్దుకున్నాను. ఆయన కెమెరా వెనక నిలబడి, నాతో కాక దానితో చెప్తున్నట్టు మర సంగతంతా చెప్పుకొచ్చారు. చివర "ఇక నీ ఇష్టం" అన్నారు.

నేను లోపలికెళ్లి కుట్టుమిషను సొరుగులోంచి గుండీల డబ్బా తెచ్చాను. ఆయన అరచేతిలోకి వంచాను. గుండీలతో పాటు ఆ మర కూడా పడింది.

అక్కా, నీకు చెప్పింది అబద్ధం. ఆ రోజు నా కాలికి ఏ తీగా తగల్లేదు. దీపం దానంతటదే జారడం నేను చూశాను. నాలుగో రోజు ఊడుస్తుంటే తెర కింద మర దొరికింది. నాన్నకి తెలిస్తే నన్ను ఇంటికి తీసుకెళ్లిపోతారని ఆస్పత్రిలోనే తీగ కల్పించాను. ఆయనే ఒకరోజు చెప్తారు, అప్పుడు ఈ మర చేతిలో పెట్టి ఏడిపిద్దామని దాచాను. ఆయన చెప్పలేదు. పైగా ఫొటోల్లో మచ్చ మాయమవడం మొదలైంది. మొదట్లో కోపం వచ్చేది. పోనుపోను కోపం పోయి, నా ముఖమే ఆయనకి నచ్చట్లేదన్న అనుమానం మిగిలింది. దాన్ని నేనే పెంచి పెద్దచేశాను.

"తెలిసీ ఇన్నేళ్లు నన్నిలా వదిలేశావా?" అన్నారు.

"చెప్పకుండా మీరు నన్ను వదిలేయలేదా?" అన్నాను.

ఆయన కాసేపు ఏడ్చారు, నేను కాసేపు ఏడ్చాను. తర్వాత ఇనపతీగ విప్పి, ఒక చుక్క నూనె వేసి ఆ మర ఎక్కించారు. బిగిసింది. నాలుగుసార్లు ఊపి చూసి గానీ నన్ను దాని కింద కూర్చోనివ్వలేదు.

"నవ్వకూడదు. చెవులు కనబడాలి. నోరు మూసి ఉంచు" అన్నారు.

"ముప్పై ఏళ్లుగా మూసే ఉంచాను" అన్నాను. మొదటి మూడు ఫొటోలు నవ్వుతో పాడయ్యాయి.

ఫారం కూడా కొత్తది నింపారు. గుర్తింపు చిహ్నాలు అన్నచోట 'కుడి కనుబొమ పైన మచ్చ' అని నిదానంగా రాశారు. దాని పక్కనే మోచేతి పుట్టుమచ్చ కూడా చేర్చారు. అదెందుకని అడిగితే, "అదీ నీదేగా" అన్నారు. కౌంటర్లో ఆ అమ్మాయి రెండు ఫొటోలూ చూసి "ఇప్పుడు మీరేనండీ" అని ముద్ర వేసింది. నిన్న ఇద్దరి వీసాలూ వచ్చాయి. నీ స్నేహితురాలిని ఆశపెట్టి ఉంటే నువ్వే సర్దిచెప్పుకో.

ఇవాళ దుకాణం కిటికీలోంచి నా పాత ఫొటో తీసేసి, వీసా ఫొటోని పెద్దది చేయించి పెట్టారు. మధ్యాహ్నం ఒకాయన లోపలికొచ్చి, "ఎవరండీ ఆవిడ, అంత సీరియస్‌గా ఉన్నారు? ఆ మచ్చ తీసేస్తే బాగుండేది కదా" అన్నాడు. మీ మరిది గోడ మీది బోర్డు చూపించారు. నేనూ అప్పుడే చూశాను. 'వీసా' అన్న మాట మీద తెల్లరంగు పూసి ఉంది.

నీ గువ్వ