అత్తయ్యను అడగని ప్రశ్న

అత్తయ్యకు నమస్కారాలతో మీ కోడలు రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మీ అబ్బాయి, మనవరాలు, నేను కులాసా. మీరూ మామయ్యగారూ కూడా బాగున్నారనే అనుకుంటున్నాను. మీ గొంతు బొంగురు తగ్గిందో లేదో మాత్రం ఈసారి ఉన్నదున్నట్టు రాయండి. పోయిన ఉత్తరంలో "పరవాలేదు" అన్నారు. మీ పరవాలేదుకి అర్థమేమిటో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. రోజంతా బస్టాండు మైకులో అరిచాక ఫోనులో కూడా అరవలేనని మీరు ఉత్తరాలు మొదలుపెట్టడం నాకు కలిసొచ్చింది. ఈ విషయం ఫోనులో చెప్పాలంటే నాకు నోరు పెగిలేది కాదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీ అబ్బాయికి నడుం నొప్పి తగ్గింది. పొద్దున్నే నడకకు వెళ్ళమంటే మాత్రం తిరిగొస్తుంది. మనవరాలు అచ్చం మీ పోలికే. బడికి టైమయింది లెమ్మంటే, దుప్పట్లోంచే "ప్రయాణికులు గమనించగలరు, ఈ బస్సు ఆలస్యంగా నడుస్తున్నది" అని ప్రకటిస్తుంది. కోప్పడదామంటే నవ్వొస్తుంది.

"ఇళ్ళకెళ్ళి ఓట్ల సంగతి అడగడం సరే, ఎవరో రాసిన తిట్లు చదివినా జీతమిస్తారా" అని కూడా అడిగారు. ఇస్తారత్తయ్యా. రాజకీయాల వీడియోల కింద జనం రాసే కామెంట్లు పోగేసి, ఎవరు ఏ పక్షాన్ని తమదనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో చూడటం ఇప్పుడు కాలేజీలో నా పరిశోధన. రాసినవాళ్ళ పేర్లు మాకు కనిపించవు. మా సహాయకురాలు పేర్లు తీసేసి, ఆడో మగో మాత్రం ఉంచి, తలా ఒక నంబరు ఇస్తుంది. ఒకే కామెంటును నేనొక గదిలో, తోటి లెక్చరరు పక్క గదిలో చదివి, కోపమనో వెటకారమనో భయమనో ఎవరికి తోచిన మాట వాళ్ళం రాసుకుంటాం. తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తాం. ఇద్దరి మాటలూ కలవకపోతే టీ తాగుతూ పోట్లాడుకుంటాం.

ఆ రాసేవాళ్ళలో పదిహేడో నంబరావిడ అంటే మా ఇద్దరికీ ప్రాణం. ఒక్క బూతు లేకుండా ఎదుటివాళ్ళని ఉతికి ఆరేస్తుంది. "మీ నాయకుడి హామీ ఆఖరి బస్సులాంటిది, వస్తుందని చెప్పేవాళ్ళేగానీ ఎక్కినవాళ్ళు లేరు" అని ఒకసారి రాసింది. ఆవిడ ఉతికేది నేను ఓటేసే పక్షాన్నే. అయినా పొట్ట పట్టుకుని నవ్వాను. అప్పుడైనా నా బుర్రకు వెలగలేదు. పైగా ఈ పరిశోధన మీద రాస్తున్న నా పుస్తకంలో ఆవిడ మీద ఒక అధ్యాయమే రాశాను. "ఈమె మాట వినేవాళ్ళు ఇంట్లో లేరు. పార్టీయే ఈమెకు ఇల్లయింది" అని తేల్చేశాను. మా హెడ్డుగారు ఆ వాక్యం చదివి భుజం తట్టారు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ నడుం నొప్పుల గురించి రాస్తూ దాటేసింది దీన్నే. పోయిన వారం ఎవరో ఆవిడని, ఇంట్లో పనేమీ లేదా అని దెప్పారు. ఆవిడ ఇలా జవాబిచ్చింది:

"మా కోడలు ముక్కూ మొహం తెలియనివాళ్ళ గుమ్మాలెక్కి, మీదే పార్టీ, ఎందుకా పార్టీ అని అడిగొస్తుంది బాబూ. అదే దాని ఉద్యోగం. బంగారంలాంటి పిల్ల. వచ్చినప్పుడల్లా నా చేతి టీ అడిగి తాగుతుంది. నా పార్టీ ఏంటో మాత్రం ఒక్కసారీ అడగలేదు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నా. నీకేమన్నా నొప్పా?"

చదివి, అలవాటు కొద్దీ పక్కన "ఒంటరితనం" అని రాశాను. ఆ కోడలెవరోగానీ ఘనురాలే అనుకున్నాను కూడా. ఇంతలో పక్క గదిలోంచి తోటి లెక్చరరు వచ్చి, ఆ కోడలు మన పనే చేస్తున్నట్టుంది, ఎవరో తెలిస్తే బాగుణ్ణు అంది. నేను మళ్ళీ చదివాను. బస్సు, టీ, గుమ్మాలు.

"వెతకక్కర్లేదు. అది నేనే," అన్నాను.

మీ ఇంట్లో భోజనాలు కళ్ళముందు కదిలాయి. మామయ్యగారు, మీ అబ్బాయి, నేను రాజకీయాల మీద గొంతులు చించుకుంటాం. మీరు గరిటె పట్టుకుని, చేతులు ఎండిపోతున్నాయి తినండర్రా అంటారు. ఈ గోల మీకు పట్టదనుకున్నాను. మీకూ ఒక పక్షం ఉంటుందని నాకు తట్టనేలేదు. చాలా సిగ్గుగా ఉందత్తయ్యా. స్టాఫ్‌రూములో కూర్చుని ఏడ్చాను.

సొంతవాళ్ళ మాటలు పరిశోధనలో వాడకూడదని మాకు నియమం. హెడ్డుగారికి నిజం చెప్పి, పదిహేడో నంబరుని మొత్తం తీయించేశాను. దాంతో ఆ అధ్యాయం పోయింది, పుస్తకం వచ్చే ఏటికి వాయిదా పడింది. పోతే పోనివ్వండి, అందులో నేను తేల్చిన "ఇల్లు" మనదే. ఇంట్లో మగవాళ్ళిద్దరికీ ఈ సంగతి చెప్పలేదు, చెప్పడం మానడం మీ ఇష్టం. తెలియకపోయినా ఇన్నాళ్ళూ మిమ్మల్ని చాటుగా చదివినదాన్నే. కోపమొస్తే మైకులోనైనా తిట్టండి, పడతాను. నా భయమల్లా ఒక్కటే. కోడలి కంట పడ్డానని మీరు రాయడం మానేస్తారేమోనని. మానకండి. నేనిక అటువైపు తొంగి చూడను.

వచ్చే ఆదివారం ఒక్కదాన్నే వస్తున్నాను. రికార్డరు తేను, నోట్సు రాసుకోను. ఆ పూట మీరు కూర్చోండి, టీ నేను పెడతాను. గుమ్మాలెక్కినప్పుడు అందరినీ మొదట అడిగే ప్రశ్నే మిమ్మల్నీ అడుగుతాను: మొట్టమొదటిసారి ఓటు వేసిన రోజు మీ మనసులో ఏముంది? ఎంతసేపైనా చెప్పండి. మధ్యలో మీ పార్టీని నేనో మాట అంటాను. ఊరుకోకండి.

ఇట్లు,
ఆలస్యంగా నడుస్తున్న మీ కోడలు