నిలువుకు ముప్పై డిగ్రీలు

చిత్తూరు, మంగళవారం రాత్రి

తోడబుట్టిన తమ్ముడి మీద ఇంత అసహ్యం నాకు ఎన్నడూ కలగలేదు.

తమ్ముడి కూతురు లావణ్య చదివేది వాళ్ళ నాయన రమణ ఫిజిక్స్ చెప్పే క్లాసులోనే. నిన్నటి స్లిప్ టెస్టులో ఒక లెక్క. పది న్యూటన్ల బలంతో లాగే తాడు నిలువుకు ముప్పై డిగ్రీలు వంగి ఉంది, అందులో అడ్డంగా పనిచేసే భాగం ఎంత? పిల్ల బొమ్మ గీసుకుని, సైన్ వేసి, ఐదు అని రాసింది. సరిగ్గా రాసింది. తాడు నిలువుకు అంత దగ్గరగా ఉంటే బలం ఎక్కువగా పైకే పోతుంది, అడ్డానికి మిగిలేది తక్కువ. రమణ మాత్రం సైన్ కాదు, అడ్డానికి ఎప్పుడూ కాస్ వేయాలంటూ బోర్డు మీద ఎనిమిదిన్నర పైన తేల్చి, పిల్ల జవాబు కొట్టేశాడు.

సాయంత్రం పేపరు ముందు పెట్టి అడిగాను. వాడు కాఫీ తాగుతూ తలెత్తలేదు.

"తెలుసక్కా. బోర్డు మీద ఏసేసినాక చూసుకున్నా. అంతమంది ముందర తప్పంటే రేపు నా మాట ఎవురింటారు?"

"మరి బిడ్డ మార్కులు?"

"మన బిడ్డే కదక్కా, సర్దుకుంటాది."

తెలియక చేసి ఉంటే ఊరుకునేదాన్ని. వాడు తాగిన గ్లాసు కడగడానికి కూడా చేతులు రాలేదు.

అన్నాలయ్యాక పిల్ల చేత అదే లెక్క మళ్ళీ చేయించాను. నేరుగా కాస్ వేసింది.

"బొమ్మ ఏదమ్మా?"

"బొమ్మ గీస్తే ఐదే వస్తాది అత్తా. నాయనకు ఐదు వద్దంట."

దీపం ముందు కూర్చుని పిల్ల కోసం దండం పెట్టుకున్నాను. రోజూ మొదట తలుచుకునే తమ్ముడి పేరు ఈ రోజు నోటికి రాలేదు.