నాన్న కొట్టిన దొంగ

ఒరే చిన్నోడా, నాన్న వడ్రంగం సామానంతా మేడమీద గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి పంచదార డబ్బాలో ఉంది, ఎంత బతిమాలినా ఇవ్వకు. గోడమీద రక్తం నువ్వే కడుగు, నాకు చెయ్యి లేవట్లేదు. కుట్లు వేయించుకుని వస్తాను.

పొద్దున నన్ను చూసి దొంగనుకుని సుత్తితో కొట్టాడు. చెయ్యి అడ్డం పెట్టబట్టి తల మిగిలింది. యాభై నిండకుండానే కూతురి మొహం మర్చిపోయాడు గానీ, చేతుల్లో బలం మాత్రం ఎక్కడికీ పోలేదు. నా కట్టు చూసి ఆయన మీద చెయ్యెత్తావో, నీ వీపు విమానం మోతే.

అక్క

అన్నట్టు, కొడుతున్నంతసేపూ నన్నే పిలిచాడురా. "బుజ్జమ్మా, ఇంట్లో దొంగ పడ్డాడు, నేను చూసుకుంటా, నువ్వు గడియ పెట్టుకో, బయటికి రాకు" అని.