ఒక్క ‘వద్దు’ చాలు

చిట్టితల్లి కొరీన్‌కి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, వంటింటి మీద పెత్తనం చేసే పిల్లీ కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ రాశావు. రిచ్‌మండ్‌లో శాసనసభ్యుల దగ్గర పనిచేసేవాళ్ళు వేళకి తింటారంటే నమ్మేంత అమాయకురాలిని కాను. అయినా చదివి సంతోషించాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ నాన్న మోకాలు పరవాలేదు, కాకపోతే మెట్లెక్కేటప్పుడు పక్కింటికి వినబడేలా మూలుగుతాడు. నీ బూడిదరంగు కోటు అటక మీద దొరికింది, జేబు చిరుగు కుట్టి పెట్టాను. ఈ ఏడు ఆపిల్ మురబ్బా బాగా చిక్కగా వచ్చింది. మీ నాన్న దాన్ని మొక్కజొన్న రొట్టె మీద వేలెడు మందాన పూసుకుని తింటూ, చక్కెర పూర్తిగా మానేశానని డాక్టరుకి చెబుతున్నాడు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు రెండు మాటలు మాట్లాడితే నేను కరిగిపోతాను. నీకా మాటకారితనం ఎక్కడినుంచో రాలేదు, నా దగ్గర్నుంచే వచ్చింది. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక జాబితా సంగతి. నీకు తెలిసిందే అయినా మొదట్నుంచీ చెప్పనీ. ఏటా చలి ముదరకముందే మన నగర సభా, పాఠశాలల బోర్డూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, జనవరిలో రాష్ట్ర శాసనసభని ఏమేం అడగాలో తేల్చుకుంటాయి. పూర్వం ఎవరి జాబితా వాళ్ళు పట్టుకెళ్ళి, రిచ్‌మండ్‌లో నలుగురి ముందూ కీచులాడుకుని ఉత్తచేతులతో తిరిగొచ్చేవారట. అప్పుడు పెట్టుకున్నవే ఈ రెండు కట్టుబాట్లూ. అందరూ ఇంటిపేర్ల అక్షరాల వరసలో కలిసి కూర్చోవాలి. ఏ ఒక్కరు ‘వద్దు’ అన్నా ఆ కోరిక జాబితాలోంచి పోవాలి. నగర సభలో మీ నాన్న, బోర్డులో నేను, ఇంటిపేరు ఒకటే కనక ఏటా పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు పక్కపక్కనే కూర్చుంటాం. “కొత్త దంపతులు వచ్చేశారు, ఇక మొదలుపెడదామా?” అని మేయరమ్మ డాబ్నీ గారు ఈసారి కూడా అన్నారు.

నగర సభ తరఫున మీ నాన్న కోరిక ఒకటే, వాగు పక్క రోడ్డు మునగకుండా పెద్ద కాలువ. బోర్డు కోరిక నీకు నిద్రపట్టనివ్వనిది. బడులు బాగుచేసుకోవడానికి అమ్మకపు పన్ను డాలరుకి ఒక్క సెంటు పెంచుదామా అని మన ఊరి జనాన్ని ఓటు అడగాలి. మన జనాన్ని మనం ఆ ప్రశ్న అడగాలన్నా శాసనసభ సరేననాలి. మన ఇంట్లో ఏ కూర వండాలో మనవాళ్ళనే అడగడానికి ఊరి పెద్ద అనుమతి కావాలన్నట్టుంది. సరే, చట్టం అలా ఉంది.

నువ్వు రాసిన ఉత్తరం మేమిద్దరం చదివాం. ‘అమ్మా, కొత్త పన్ను రానివ్వనని ఊరూరా చెప్పి స్ట్రౌడ్ గారు శాసనసభకి గెలిచారు. ఆ మాటలు రాసిచ్చింది నేను. ఇప్పుడు మా అమ్మా నాన్నలే ఆ బిల్లు తెచ్చి ఆయన చేతిలో పెడితే, వెనకనుంచి నేనే ఆడించానంటారు. నా ఉద్యోగం నిలవదు. మీలో ఎవరో ఒకరు అడ్డు చెప్పండి, ఒక్క వద్దు చాలు కదా’ అన్నావు. చదివి మీ నాన్న కాఫీ కూడా తాగలేదు.

“నువ్వే అనాలి వర్నా,” అన్నాడు. “నేనంటే బడివాళ్ళకి మండి నా కాలువకి వద్దంటారు. నువ్వు బోర్డు మనిషివి. మీ కోరికని నువ్వే కాదంటే నన్నేం చేస్తారు?”

“ఎంత తెలివి. కాలువ నీకూ, చెడ్డపేరు నాకూ.”

“పిల్ల కోసమే కదే.”

“సరేలే, అంటాను. తిను ముందు.”

అలా మాటిచ్చాను. సమావేశంలో డాబ్నీ గారు బోర్డు కోరిక చదివి, “ఎవరికైనా అభ్యంతరమా?” అని అడిగి, కళ్ళజోడు తుడుచుకుంటూ కాసేపు ఆగారు. మీ నాన్న బల్ల కింద నా పాదం మీద తన పాదం వేసి నొక్కాడు. నేను నీళ్ళ కూజా వంక చూస్తూ కూర్చున్నాను. ఇంకోసారి నొక్కాడు, ఈసారి బూటు మడమతో.

“ఏం రాయిస్, కుదురుగా కూర్చోలేకపోతున్నావు?” అన్నారు డాబ్నీ గారు.

“మోకాలండీ,” అన్నాడు పాపం.

“అయితే అందరికీ సమ్మతమే,” అని ఆవిడ తర్వాతి దానికి వెళ్ళిపోయారు. కాలువ కూడా జాబితాలో చేరింది.

కారెక్కాక మీ నాన్న, “గొంతు పట్టేసిందా?” అన్నాడు. ఆఁ, పట్టేసింది అన్నాను. “పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ గొంతు పట్టేయడం ఇదే మొదలు,” అని కారు స్టార్ట్ చేశాడు.

నా గొంతు పట్టలేదు తల్లీ. మాటిచ్చేటప్పుడే నేను అననని నాకు తెలుసు.

అంతకు వారం ముందు చిన్నపిల్లల తరగతి చూడటానికి వెళ్ళాను. ఏ రోజు ఎవరు ఏ పని చెయ్యాలో గోడ మీద రాసి ఉంటుంది కదా, వరసలో ముందు నడిచేవాళ్ళు, తలుపు పట్టుకునేవాళ్ళు, మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు. అందులో కొత్తగా ‘బకెట్ నాయకుడు’ అని ఉంది. నవ్వొచ్చి, ఇదేమిటని ప్రూయిట్ టీచర్ని అడిగాను.

“నవ్వకండి వర్నా గారూ,” అంది. “ఆ పని కోసం కొట్టుకు చస్తున్నారు. వాన మొదలవగానే బకెట్ ఎక్కడ పెట్టాలో నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. బడి అంటే ఇలాగే ఉంటుందనుకుంటున్నారు.”

నాకు సిగ్గేసింది. బోర్డులో కూర్చుని, ఫలహారాలు తిని, చేతులెత్తి దించుతున్న దాన్ని నేనే కదా. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీకోసమైనా వద్దనాలని ఎంత అనుకున్నా, మనసు ఒప్పుకోలేదు.

ఇంకా ఉంది. శాసనసభ్యుడి ముందు ఒక్కో కోరిక ఒక్కరే నిలబడి చెప్పాలి కదా, దీన్ని ఎవరు చెబుతారని మర్నాడు డాబ్నీ గారు బోర్డువాళ్ళని మాత్రమే పిలిచి అడిగితే నేనే చెయ్యెత్తాను. మీ నాన్నకి అనుమానం వచ్చినట్టే ఉంది, అప్పట్నుంచీ తన కాఫీ తనే కలుపుకుంటున్నాడు. ఆయనతో నేనే చెబుతాను, నువ్వు తొందరపడకు.

వచ్చే శనివారం పొద్దున మా జాబితా వినడానికి స్ట్రౌడ్ గారు వచ్చి, ఫలహారాల దగ్గర నా ఎదురుగా కూర్చుంటారు. ఆయన కుర్చీ వెనక నువ్వుంటావు. అందుకే నేనేం అడగబోతున్నానో ముందే రాస్తున్నాను. అమ్మ కూతురి మీద దొంగదెబ్బ తియ్యకూడదు. ఆయన్ని పన్ను వెయ్యమని అడగను. మమ్మల్ని మా జనాన్ని అడగనివ్వండి, వాళ్ళు వద్దంటే వద్దే అంటాను. దీనికి నీ దగ్గర గట్టి జవాబుంటే సిద్ధం చేసుకో. నా మొహం చూసి మెత్తబడకు, నామీద కోపంతో బిగుసుకోకు. నీకు ఏది సబబనిపిస్తే అదే ఆయనకి చెప్పు.

ఉద్యోగం పోతే ఇంటికి వచ్చెయ్యి అని రాయను, ఆ మాట నిన్ను అవమానించినట్టే. నీ కష్టాన్ని నా చేతులతో కూలదోస్తున్నానేమోనని మాత్రం నిజంగా భయంగా ఉంది. అంత భయంలోనూ చెయ్యెత్తాను.

జవాబు చెప్పేముందు ఆయన నీవైపు వంగుతారు. ఆయన నోరు తెరిచేలోపే నీ మొహంలో నాకు జవాబు తెలిసిపోతుంది. అది కాదనే అయినా సరే, నావైపు చూడటం మానకు తల్లీ.

ఇట్లు,
శనివారం నీకు ఎదురుగా కూర్చోబోయే
మీ అమ్మ